మీ బరువును కొలిచే బీమా, సర్జన్ అనుభవాన్ని ఎందుకు అడగదు?

స్థూలకాయానికి శస్త్రచికిత్స అవసరమని వైద్యుడు చెప్పిన రోజున మన మధ్యతరగతి ఇళ్లలో ముందుగా వెలువడే ప్రశ్న "ఎవరు చేస్తారు?" అన్నది కాదు. "ఎంతవుతుంది? బీమా వస్తుందా?" అన్నది. ఇందులో రోగిని తప్పుపట్టవలసినదేమీ లేదు. హైదరాబాదులోని ప్రైవేటు ఆసుపత్రులలో ఈ శస్త్రచికిత్సకు లక్షల రూపాయలు ఖర్చవుతాయి. అయిదు లక్షల పాలసీ ఉన్న కుటుంబం ధైర్యంగానే ఆసుపత్రి మెట్లెక్కుతుంది. బీమా సంస్థ కాదన్న మరుక్షణం అదే కుటుంబం చౌక ప్యాకేజీల వేటలో పడుతుంది. సర్జన్ ఎవరన్న ప్రశ్న ఆ వేటలో ఎక్కడో జారిపోతుంది.

నా వాదన ఒక్కటే. ఈ దేశంలో ఆరోగ్య బీమా నిబంధన రోగి బరువును కిలోల లెక్కన తూచి చూస్తోంది. అతని పొట్టలో కత్తి పెట్టే మనిషికి తగిన అనుభవం ఉన్నదా అని మాత్రం ఒక్క మాటైనా అడగడం లేదు. అడగవలసినది అడగక, అడగనక్కరలేనిది పట్టుకొని వేలాడుతోంది. ఈ తలకిందుల వ్యవహారం మారాలి. మారేంతవరకు ఆ ప్రశ్నను మీరే అడగాలి.

నిబంధన ఏమంటుంది?

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 సెప్టెంబరులో ఆరోగ్య పాలసీలలోని మినహాయింపుల భాషను దేశమంతటికీ ఒకే తీరుగా ఖరారు చేసింది. మీ పాలసీ పత్రం తీసి చూడండి. "ఎక్స్‌క్లూజన్ 06" అనే సంకేతంతో స్థూలకాయ చికిత్సకు సంబంధించిన పేరా కనిపిస్తుంది. దాని ప్రకారం శస్త్రచికిత్స ఖర్చు చెల్లించాలంటే ఈ షరతులన్నీ తీరాలి. వైద్యుని సలహా ఉండాలి. చికిత్స వైద్యశాస్త్ర ప్రమాణాలకు లోబడి ఉండాలి. రోగికి 18 ఏళ్లు నిండాలి. బీఎంఐ 40 గాని అంతకు మించి గాని ఉండాలి. లేదా బీఎంఐ 35కు తగ్గకుండా, దానితోపాటు నాలుగు తీవ్రమైన జబ్బులలో ఒకటైనా ఉండి, తక్కువ తీవ్రత గల ఇతర పద్ధతులు విఫలమై ఉండాలి. ఆ నాలుగు జబ్బులు: స్థూలకాయం వల్ల వచ్చిన గుండె కండరపు జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, నిద్రలో ఊపిరి ఆగిపోయే తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులోకి రాని టైప్ 2 మధుమేహం.

బీఎంఐ అంటే కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య. అయిదడుగుల మూడంగుళాల మనిషికి, అంటే సుమారు 160 సెంటీమీటర్ల ఎత్తుకు, బీఎంఐ 40 కావాలంటే బరువు 102 కిలోలు దాటాలి. బీఎంఐ 35 కావాలన్నా దాదాపు 90 కిలోలు ఉండాలి.

పై షరతులను మరొకసారి చదవండి. మోకాళ్లు అరిగి మెట్లెక్కలేనివారికి ఆ జాబితాలో చోటు లేదు. రక్తపోటుకు లేదు. కాలేయానికి పట్టిన కొవ్వుకు లేదు. అన్నింటికీ మించి, శస్త్రచికిత్స చేసేవారి అర్హత గురించి గాని, అనుభవం గురించి గాని, ఆసుపత్రిలో ఉండవలసిన సౌకర్యాల గురించి గాని ఒక్క వాక్యం లేదు.

తార్నాక కొలత, నానక్‌రామ్‌గూడ కొలత

ఈ 40, 35 అనే అంకెలు ఎక్కడివి? 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఏర్పాటు చేసిన నిపుణుల సదస్సు నిర్ణయించినవి. అప్పటికి ఈ శస్త్రచికిత్సలు పొట్టను పొడుగునా తెరిచి చేసేవారు. ప్రమాదం ఎక్కువ గనుక గీత ఎత్తున గీశారు. పైగా ఆ గీత అమెరికా శరీరాలను చూసి గీసినది.

మన శరీరం వేరు. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ ఇద్దరి ఫోటోనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. అయితే శరీరంలోని కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. తూకంలో సమానులే గాని, లోపల మోస్తున్న కొవ్వు రెట్టింపు కన్నా ఎక్కువ. చూడటానికి బక్కగా ఉన్న మనవారికి నలభై ఏళ్లకే మధుమేహం ఎందుకు వస్తోందో ఆ ఒక్క ఫోటో చెబుతుంది.

ఈ సత్యం తెలిసినవారు మన పక్కనే ఉన్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ఆసియావారికి బీఎంఐ 23 దాటితేనే అధిక బరువుగా లెక్కించమంటున్నాయి. 2009లో భారతీయ నిపుణుల ఏకాభిప్రాయ పత్రం శస్త్రచికిత్సకు మన దేశపు గీతను జబ్బులు ఉన్నవారికి 32.5 వద్ద, లేనివారికి 37.5 వద్ద పెట్టింది. 2022లో అమెరికా, అంతర్జాతీయ స్థూలకాయ శస్త్రవైద్యుల సంఘాలు కలిసి 1991 నాటి ప్రమాణాలను పక్కనపెట్టాయి. 35 దాటినవారికి ఇతర జబ్బులు ఉన్నా లేకున్నా శస్త్రచికిత్స సూచించవచ్చునన్నాయి. ఆసియా ప్రజల విషయంలో ఆ అవకాశాన్ని 27.5 నుంచే పరిశీలించమన్నాయి.

అంటే ఆ గీత గీసిన దేశంలోని వైద్యులే దానిని చెరిపివేశారు. ఇదే నగరానికి పడమటి కొసన, నానక్‌రామ్‌గూడలో ప్రధాన కార్యాలయం ఉన్న బీమా నియంత్రణ సంస్థ మాత్రం దానిని భద్రంగా దాచుకొన్నది. తార్నాక నుంచి నానక్‌రామ్‌గూడకు రెండు గంటలలో వెళ్లవచ్చు. తార్నాకలో తెలిసిన సంగతి అక్కడికి చేరడానికి ఇన్నేళ్లు పట్టడం విచారకరం.

ఫలితం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూడండి. మెట్టుగూడలో ఒక గృహిణి ఉన్నదనుకొందాం. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 88 కిలోలు, ఇన్సులిన్‌కు కూడా లొంగని మధుమేహం. ఆమె బీఎంఐ 34.4. భారతీయ ప్రమాణం ప్రకారం ఆమె శస్త్రచికిత్సకు అర్హురాలు. పాలసీ ప్రకారం కాదు. నిబంధన సారాంశం ఏమంటే, "అమ్మా, ఇంకొక రెండు కిలోలు పెరిగి రండి" అని. వైద్యుడెవరైనా రోగితో అనగలిగే మాటేనా ఇది?

చౌక ప్యాకేజీ ఎక్కడికి తీసుకుపోతుంది?

బీమా తలుపు మూసుకోగానే మరొక తలుపు తెరుచుకొంటుంది. మెట్రో స్తంభాల మీద, ఫోన్ తెరల మీద ప్రకటనలు పిలుస్తుంటాయి. వాయిదాలలో చెల్లించండి, రెండు రోజులలో ఇంటికి వెళ్లండి, ఈ నెలలోనే రాయితీ అంటాయి. వీటిలో సర్జన్ పేరు చిన్న అక్షరాలలో ఉంటుంది. కొన్నింటిలో అసలే ఉండదు. శస్త్రచికిత్సకు పండుగ రాయితీ ఇచ్చే చోట ఏ ఖర్చు తగ్గించి ఆ రాయితీ ఇస్తున్నారో మీరు అడిగి తీరాలి.

2024 ఏప్రిల్‌లో చెన్నైలో జరిగిన విషాదం చాలామందికి గుర్తుండే ఉంటుంది. పుదుచ్చేరికి చెందిన 26 ఏళ్ల యువకుడు బరువు తగ్గించే శస్త్రచికిత్సకు వెళ్లి ప్రాణం కోల్పోయాడు. పెద్ద ఆసుపత్రిలోనైతే ఎనిమిది లక్షలవుతుందని, వేరొక చిన్న ఆసుపత్రిలో సగం లోపే అవుతుందని చెప్పగా అక్కడ చేరామని కుటుంబం వాపోయినట్టు పత్రికలు రాశాయి. తమిళనాడు ప్రభుత్వం విచారణ జరిపించి ఆ ఆసుపత్రి రిజిస్ట్రేషన్‌ను తాత్కాలికంగా నిలిపివేసింది. ప్రాణం పోయాక జరిగే తనిఖీ ముందే ఎందుకు జరగలేదన్నది మనం వేయవలసిన ప్రశ్న.

ఇది చదివి శస్త్రచికిత్స అంటేనే భయపడవద్దు. అనుభవం గల చేతులలో, సరైన ఆసుపత్రిలో దీని ప్రమాదం పిత్తాశయం తొలగించే శస్త్రచికిత్సతో పోల్చదగినంత తక్కువ. ప్రయోజనం పెద్దది. స్వీడన్‌లో నాలుగు వేలమందికి పైగా స్థూలకాయులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2007లో వెలువడింది. శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలో మరణాలు తక్కువని అది తేల్చింది. నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో ఈ శస్త్రచికిత్స చేయించుకొన్నారు. నాయకులకు పనికివచ్చిన వైద్యం గుమాస్తాకు విలాసం ఎలా అవుతుంది?

అయితే ఇది అలంకారానికి చేసే లైపోసక్షన్ వంటిది కాదు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో మూడు వంతులకు పైగా శాశ్వతంగా తొలగిస్తారు. బైపాస్‌లో జీర్ణాశయాన్ని చిన్న సంచిగా చేసి పేగు దారిని మళ్లిస్తారు. కత్తిరించి కుట్టిన చోట లీకు ఏర్పడితే అది చాలాసార్లు రోగి ఇంటికి వెళ్లిన కొన్ని రోజులకు బయటపడుతుంది. జ్వరం, కడుపునొప్పి, నిమిషానికి 120కి మించిన నాడి దాని హెచ్చరికలు. ఖమ్మంలోనో నల్లగొండలోనో అర్ధరాత్రి ఆ లక్షణాలు కనిపిస్తే ఫోన్ ఎత్తే సర్జన్, లోపలికి తీసుకొనే ఆసుపత్రి కావాలి. ప్యాకేజీ ధరలో ఇవి ఉన్నాయో లేవో ప్రకటన చెప్పదు.

సర్జన్‌ను మీరు అడగవలసినవి

డాక్టరుగారిని ప్రశ్నిస్తే కోపం వస్తుందేమోనని మనవారికి జంకు. నలభై ఏళ్లు ఈ వృత్తిలో గడిపిన మనిషిగా చెబుతున్నాను. మంచి సర్జన్‌కు ఈ ప్రశ్నలకు కోపం రాదు. కోపం వస్తే మీకు కావలసిన సమాధానం దొరికినట్టే.

ఒకటి, అర్హత. జనరల్ సర్జరీలో ఎం.ఎస్. గాని, డి.ఎన్.బి. గాని ఉండాలి. సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీలో పైచదువు ఉంటే మరీ మంచిది. ఆపైన లాపరోస్కోపీలోను, ఈ శస్త్రచికిత్సలలోను శిక్షణ ఎక్కడ, ఎన్ని నెలలు పొందారో అడగండి. కొన్ని రోజుల తరగతులకు ఇచ్చే సర్టిఫికేట్లు కూడా పేరు చివర "ఫెలో" అన్న మాటతోనే కనిపిస్తాయి. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. అందుకు ఒక్క రూపాయి ఖర్చు లేదు.

రెండు, సంఖ్య. ఇప్పటివరకు ఎన్ని చేశారు? పోయిన ఏడాది ఎన్ని? అందులో స్లీవ్ ఎన్ని, బైపాస్ ఎన్ని? బైపాస్‌లో చేయి తిరగడానికి వందకు అటూ ఇటూగా శస్త్రచికిత్సలు పడతాయని వైద్య సాహిత్యం చెబుతోంది. ఆ మొదటి వందలో మీరు ఒకరు కానక్కరలేదు.

మూడు, ఫలితం. ఎంతమందికి లీకు వచ్చింది? ఎంతమందికి మళ్లీ శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది? మరణాలు ఉన్నాయా? "నాకు ఒక్కటీ రాలేదు" అనేవారు చాలా కొద్దిమందికి చేసి ఉండాలి, లేదా లెక్క పెట్టుకోక ఉండాలి.

నాలుగు, చేసేది ఎవరు? బోర్డు మీద ఉన్న పేరు, ఆపరేషన్ థియేటర్లో ఉండే మనిషి ఒకరేనా?

అయిదు, ఆసుపత్రి. రాత్రింబవళ్లు మత్తువైద్యుడు, ఐసీయూ, రక్తనిధి, సీటీ స్కాన్, ఎండోస్కోపీ అదే భవనంలో ఉన్నాయా? భారీ కాయానికి తగిన బల్ల, మంచం ఉన్నాయా? ఉపద్రవం వస్తే ఇక్కడే చూస్తారా, అంబులెన్సులో వేరేచోటికి పంపుతారా?

ఆరు, నాకు ఈ పద్ధతే ఎందుకు? ఛాతీమంట, పులితేన్పులు తీవ్రంగా ఉన్నవారికి స్లీవ్ వల్ల ఆ బాధ ముదరవచ్చు. ఎండోస్కోపీ చేయకుండా, ఆ బాధ గురించి అడగకుండా అందరికీ స్లీవ్ అనేవారి వద్ద ఆగి ఆలోచించండి.

ఏడు, తరువాతి సంగతి. బి12, ఇనుము, కాల్షియం, డి విటమిన్ జీవితాంతం వాడాలి, రక్తపరీక్షలు చేయించుకొంటూ ఉండాలి. వాంతులు ఆగకపోతే థయమిన్ లోపించి మెదడు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. పోషకాహార నిపుణులు, మధుమేహ వైద్యులు, అవసరమైతే మానసిక వైద్యులు ఆ బృందంలో ఉన్నారా? ఎన్నేళ్లు చూస్తారు?

ఇద్దరు సర్జన్లను ఈ ఏడూ అడిగి, సమాధానాలు కాగితం మీద రాసుకొని పోల్చండి. ఆ తరువాతే ధర మాట్లాడండి.

డబ్బు సంగతి

పాలసీ పరిమితమైనదైనా, కాదన్నారని వెంటనే వదిలిపెట్టవద్దు. ఇతర పద్ధతులు విఫలమయ్యాయని రుజువు కావాలి గనుక, ఈరోజు నుంచే ఆహార నిపుణుల చీటీలు, నెలనెలా బరువు, మూడునెలల చక్కెర పరీక్షలు భద్రపరచండి. గురక, పగటి నిద్ర ఉంటే స్లీప్ పరీక్ష చేయించండి. తీవ్రమైన ఆప్నియా అని తేలితే అది బీమాకు చెల్లే కారణం కూడా. పాలసీలో ఈ శస్త్రచికిత్సకు వేచి ఉండే కాలం, ఉపపరిమితి, గది అద్దె హద్దు ఉన్నాయేమో ముందే చూడండి. హద్దు దాటిన గది తీసుకొంటే సర్జన్ ఫీజు వంటివాటిలో కూడా అదే నిష్పత్తిలో కోత పడవచ్చు. ముందస్తు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. నిరాకరిస్తే ఏ క్లాజు కింద నిరాకరించారో రాసిమ్మనండి.

"కాగితాలలో హెర్నియా అని రాయిద్దాం" అని ఎవరైనా సలహా ఇస్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి. బీమాకు అబద్ధం రాసే చేయి మీ కేసు షీటులో నిజం రాస్తుందన్న నమ్మకం ఏమిటి?

నిరాకరణ అన్యాయమనిపిస్తే ముందు బీమా సంస్థకే ఫిర్యాదు చేయాలి. నెలలోపు సమాధానం రాకున్నా, వచ్చినది సంతృప్తికరంగా లేకున్నా లక్డీకాపూల్‌లోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి ఏడాదిలోగా వెళ్లవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

ప్రభుత్వపు దారి కూడా మరువవద్దు. ఉస్మానియా ఆసుపత్రిలో 240 కిలోల యువకుడికి ఈ శస్త్రచికిత్స ఉచితంగా చేసిన వార్త పత్రికలలో వచ్చింది. మెట్టుగూడ, లాలాగూడ ప్రాంతపు రైల్వే కుటుంబాలు ముందుగా తమ రైల్వే కేంద్ర ఆసుపత్రిలోనే రాతపూర్వకంగా అడగాలి. ఆర్టీసీ వారు తార్నాక ఆసుపత్రిలో అడగాలి. నిరీక్షణ ఉండవచ్చు. ఆరు నెలలు ఆగి అనుభవజ్ఞుని చేతిలో పడటం, ఆరు రోజులలో ఎవరో తెలియని చేతిలో పడటం కన్నా మేలు.

బీమా సంస్థల వాదన

గీత దించితే ప్రీమియం పెరుగుతుందని, అక్కరలేని శస్త్రచికిత్సలు పెరుగుతాయని బీమా సంస్థలు అంటాయి. రెండవ మాటలో నిజముంది. నేను కూడా ప్రతి లావుపాటి మనిషినీ ఆపరేషన్ బల్ల ఎక్కించమనడం లేదు. కాని దుర్వినియోగాన్ని ఆపడానికి రోగి కిలోలు సరైన సాధనం కావు. 2006లో అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ ఒక దారి చూపింది. గుర్తింపు పొందిన కేంద్రాలలో చేసిన శస్త్రచికిత్సకే డబ్బు చెల్లిస్తామన్నది. ఆ గుర్తింపు వల్ల ఇక అదనపు మేలు కనిపించడం లేదని 2013లో ఆ షరతు తీసివేసింది. మనం ఇంకా ఆ మొదటి మెట్టు కూడా ఎక్కలేదు.

ఇక ప్రీమియం మాట. ఈరోజు శస్త్రచికిత్సకు కాదన్న సంస్థే రేపు అదే రోగి గుండె స్టెంటుకు, డయాలిసిస్‌కు, మోకాలి మార్పిడికి చెల్లిస్తుంది. ఇందులో మిగిలేది ఏమిటో వారే లెక్క వేసి చూపాలి.

కాబట్టి నియంత్రణ సంస్థను మనం అడగవలసినవి మూడు. 1991 నాటి అంకెలను తొలగించి భారతీయ ప్రమాణాలను పెట్టండి. డబ్బు చెల్లించే ముందు సర్జన్ అనుభవం, ఆసుపత్రి సౌకర్యాలు, ఉపద్రవాల లెక్కలు బహిరంగంగా ప్రకటించాలన్న షరతు విధించండి. శస్త్రచికిత్స తరువాతి పరీక్షలను, పోషక మందులను చికిత్సలో భాగంగా గుర్తించండి. మా వృత్తివారు కూడా ఇందుకు సిద్ధపడాలి. ఎన్ని చేశామో గొప్పగా చెప్పుకొనేవారు, ఎన్నింటిలో ఇబ్బంది వచ్చిందో కూడా చెప్పగలగాలి.

పాఠకులారా, ఇవి నెరవేరడానికి సమయం పడుతుంది. ఈలోగా మీ ఇంట ఈ అవసరం వస్తే ఖర్చును గది అద్దెలో తగ్గించుకోండి, నిరీక్షణకు ఓర్చుకొని తగ్గించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి తగ్గించుకోండి. సర్జన్ అనుభవం విషయంలో మాత్రం బేరమాడవద్దు. పైన రాసిన ఏడు ప్రశ్నలను కాగితం మీద రాసుకొని వెంట తీసుకువెళ్లండి. అన్నింటికీ సూటిగా సమాధానం వచ్చేవరకు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టకండి.